క్రిస్మస్, ధనుర్మాసం, సంక్రాంతి కలిపి స్నేహితులతో ఒక తెలుగు సాయంత్రం: ఏం పాడదాం, ఏం ఆడదాం?

తెనాలి వాకిలి | డిసెంబరు 12, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌లో ఐదారు కుటుంబాలం బాగా కలిసిపోయాం. మాది తెనాలి. పక్క ఫ్లాట్ వాళ్ళది వరంగల్. కింద ఫ్లోర్‌లో ఒక సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) క్రైస్తవ కుటుంబం, చివరి బ్లాక్‌లో గుంటూరు నుంచి వచ్చిన ముస్లిం దంపతులు, ఇంకో ఇల్లు శ్రీవైష్ణవులది. ప్రతి ఏడూ ఈ రెండు నెలల్లో ఒకరింటికి ఒకరం పళ్ళాలు పంపుకుంటాం, గుమ్మంలో నిలబడి ఫొటో దిగుతాం, అంతే. ఈసారి భోగికి ముందు ఆదివారం, అంటే జనవరి 11న, క్లబ్ హౌస్‌లో కూర్చుని సాయంత్రమంతా తెలుగులోనే పాడుకోవాలి, ఆడుకోవాలి అనుకున్నాం. డీజే వద్దు. సినిమా పాటల అంత్యాక్షరి కూడా వద్దని పెద్దవాళ్ళు ముందే ఒట్టు పెట్టించుకున్నారు.

ఏ పాటలైతే అందరూ కలిసి పాడగలరు? మా పిల్లలు తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. ఎవరి మనసూ నొచ్చుకోకూడదు. ఇలాంటిది చేసినవాళ్ళు ఉంటే చెప్పండి, నాకు ఇప్పటినుంచే టెన్షన్ మొదలైంది.

గునుగు పువ్వు | డిసెంబరు 12, రాత్రి 10:15

అక్కా, మొదట ఒక సంగతి. ఎవరూ వేదిక ఎక్కి పాడే ఏర్పాటు పెట్టుకోకండి. మైకు పెట్టారంటే పాడేవాళ్ళు ఇద్దరే మిగులుతారు, తక్కినవాళ్ళు ఫోన్లు చూస్తారు. మా కరీంనగర్ దిక్కు బతుకమ్మకి ఎవరికీ పాటలు పూర్తిగా రావు. ముందు ఒకామె అందుకుంటుంది, మిగిలినవాళ్ళం వంగి చప్పట్లు కొడుతూ "ఉయ్యాలో" అంటే చాలు. పాట ఒకరికి వస్తే నలభై మంది పాడినట్టే. మాట రాని పిల్ల కూడా రెండో చరణానికల్లా గొంతు కలుపుతుంది.

బతుకమ్మ అయిపోయింది కాబట్టి మీకు గొబ్బి పాటలు సరిపోతాయి. వాటికీ ఇదే పద్ధతి. "గొబ్బిళ్ళో" అని చివర అందుకుంటే అయిపోయె. వరంగల్ వాళ్ళున్నారన్నారుగా, సకినాల పని వాళ్ళకి ఒప్పజెప్పండి. కొత్త బియ్యప్పిండి, నువ్వులు, వాము కలిపి బట్ట మీద చుట్టలు చుట్టాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, నలుగురు కూర్చుంటేనే అవుతుంది. నిజం చెప్పాలంటే మీ పాటల సాయంత్రం ముందురోజు ఆ సకినాల దగ్గరే మొదలైపోతుంది.

డోర్నకల్ బండి | డిసెంబరు 13, ఉదయం 6:50

మీ కింద ఫ్లోర్ సీఎస్ఐ వాళ్ళని "జింగిల్ బెల్స్ పాడండి" అని మాత్రం అడగకండి దయచేసి. అపార్ట్‌మెంట్లలో క్రిస్మస్ అంటే ఎర్రటోపీ, ఒక ఇంగ్లీషు పాట, ప్లమ్ కేకు అయిపోయింది. మా ఇళ్ళల్లో క్రిస్మస్ అది కాదు.

మా పాత కీర్తనల పుస్తకం తెరిస్తే ఒక్కో కీర్తన మీద రాగం పేరు, తాళం పేరు అచ్చేసి ఉంటాయి. ఆనందభైరవి, ఆది తాళం అని. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటివాళ్ళు యక్షగానాల, భజనల బాణీలు తెలిసిన జనం కోసం ఆ వరసల్లోనే రాశారు. పల్లవి, అనుపల్లవి, చరణాలు అన్నీ ఉంటాయి. హార్మోనియం, తబలా, తాళాలు చాలు. మా నాయనమ్మకి అక్షరం రాదు. కానీ ఆ పుస్తకంలో సగం కంఠతా వచ్చు, నంబరు చెబితే అందుకునేది.

డిసెంబరు మొదలైతే సెమీ క్రిస్మస్‌లు (పండక్కి ముందే జరుపుకునే వేడుకలు), రాత్రిళ్ళు క్యారల్స్ రౌండ్లు. పల్లెల్లో అయితే డప్పు కొట్టుకుంటూ ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. ప్రతి ఇంటి ముందూ ఒక పాట, ఒక చిన్న ప్రార్థన, వేడి టీ. చివరి ఇంటికి చేరేసరికి తెల్లారుజాము రెండు. ఇంటి మీద వెదురు బద్దలతో కట్టి రంగు కాగితం అంటించిన నక్షత్రం. పిండివంటలు అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులే. కేకు తర్వాత వచ్చింది.

మా డోర్నకల్‌లో పెద్ద చర్చి చూస్తే మీకు అర్థమవుతుంది. దాన్ని కట్టించిన అజరయ్య గారు తమిళనాడు నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని ఇక్కడే ఉండిపోయారు. 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చిలో గుడి స్తంభాల పోలికా ఉంది, మసీదు గుమ్మటాల పోలికా ఉంది.

వాళ్ళని కీర్తనలు అడగండి. మొహం ఎలా వెలిగిపోతుందో చూడండి.

కొంచెం డౌట్ | డిసెంబరు 13, ఉదయం 9:05

అందరికీ చల్లనీళ్ళు చల్లుతున్నానని తిట్టుకోకండి. ఇలా అన్నీ కలిపితే ఏ ఒక్కటీ దాని రుచితో మిగలదు. భజనకి భజన, ప్రార్థనకి ప్రార్థన. మధ్యలో మనం పెట్టే "సర్వమత సమ్మేళనం" బ్యానరు, రంగురంగుల చీరల్లో పిల్లలు, ఒక ఉపన్యాసం. ప్రతి కాలనీలో చూస్తున్నదే. నిజంగా నమ్మేవాడికి అది ఇబ్బంది, నమ్మనివాడికి అది విసుగు.

డోర్నకల్ బండి | డిసెంబరు 13, ఉదయం 9:30

@కొంచెం డౌట్ బ్యానరు మాట నిజం. నాకూ పడదు. కానీ తెనాలి వాకిలి గారు అడిగింది అది కాదుగా. నా మటుకు నేను హారతి తీసుకోను, బొట్టు పెట్టించుకోను. నా స్నేహితులకి ఆ సంగతి తెలుసు, నన్ను ఎప్పుడూ బలవంతపెట్టలేదు. వాళ్ళు వైకుంఠ ఏకాదశికి పాడుకుంటుంటే వెనక కూర్చుని వింటాను, బాగుంటే బాగుందంటాను. నా వంతు వచ్చినప్పుడు క్రీస్తు పుట్టుక మీద కీర్తన నిండు గొంతుతో పాడతాను. కాస్త తగ్గించి, ఎవరికీ తగలకుండా ఉండే పాట ఏదో ఏరుకుని పాడితేనే అబద్ధం ఆడినట్టు.

పేట సన్నాయి | డిసెంబరు 13, మధ్యాహ్నం 1:20

అస్సలాము అలైకుం, నమస్కారం. డోర్నకల్ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఎవరిది వాళ్ళు పూర్తిగా పాడాలి, మిగిలినవాళ్ళు వినాలి. అందరూ కలిసి పాడేది గొబ్బి పాటలూ పొలం పాటలూ.

మాది చిలకలూరిపేట దగ్గర. మా వాళ్ళు తరతరాలుగా నాదస్వరం. ఈ విషయం తెలియనివాళ్ళకి ఆశ్చర్యం కానీ మా జిల్లాల్లో గుడి మేళంలో ఎక్కువమంది ముస్లింలే ఉండేవాళ్ళు. షేక్ చినమౌలానా గారు ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయించారు. 2020లో పద్మశ్రీ వచ్చిన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు ఆయన శిష్యులే. మా ఇంట్లో ధనుర్మాసం నెలంతా తాతయ్య తెల్లవారుజామున గుడికి వెళ్ళేవారు. నమాజు మానలేదు, సన్నాయి మానలేదు. ఆ రెండింటికీ మధ్య తగవు ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినే మనిషి కాదు.

అందుకని మీ గుంటూరు దంపతులని "మీరు ఖవ్వాలీ పాడండి" అని అడగకండి. మాలో చాలామందికి ఇంట్లో తెలుగే. వాళ్ళకి ఏం వచ్చో వాళ్ళనే అడగండి. ఒక్కటి మాత్రం: పీర్ల పండుగ పాటలు ఈ సాయంత్రం వద్దు. అవి హసన్ హుసేన్‌ల కోసం ఏడ్చే పాటలు, అరిసెల మధ్య పాడేవి కావు.

తిండి సంగతి కూడా ముందే తేల్చుకోండి. మాంసం లేకుండా పెట్టుకుంటే హలాల్ ప్రశ్న రాదు. నైవేద్యం పెట్టినవి ఒక బల్ల మీద, పెట్టనివి ఇంకో బల్ల మీద ఉంచి, ఏది ఏదో చెప్పేయండి. తినేవాళ్ళు తింటారు. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. చెప్పకపోతేనే గొడవ.

కడప కారం | డిసెంబరు 13, మధ్యాహ్నం 2:10

@పేట సన్నాయి పీర్ల పాటల గురించి మా సీమలో కొంచెం వేరుగా ఉంటుందన్నా. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయస్వామి అంటే ముహర్రంలో లక్షల జనం. పూజారులు హిందువులు, ఊళ్ళో ఎక్కువమంది హిందువులు, చక్కెర చదివింపులు, అలావా అనే అగ్నిగుండం, దాని చుట్టూ చిందులు. ఏడుపూ ఉంటుంది, జాతరా ఉంటుంది.

ఇంకోటి. ఉగాదికి ఒకసారి మా దేవుని కడప రండి. వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర పొద్దున్నే ముస్లింలు వరస కట్టి ఉంటారు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడపడుచు, అందుకని స్వామి మాకు అల్లుడు అంటారు. కొత్త సంవత్సరం నాడు అల్లుడింటికి బెల్లం, టెంకాయ పట్టుకుపోవడంలో వింతేముంది? టీవీ వాళ్ళు ప్రతి ఏడూ వింతగా చూపిస్తారు, మేము ప్రతి ఏడూ నవ్వుకుంటాము.

తెనాలి వాకిలి | డిసెంబరు 13, రాత్రి 8:30

రెండు బల్లల ఆలోచన చాలా పనికొచ్చింది, ఇవాళే అందరితో మాట్లాడాను. కింద ఇంటి ఆంటీని కీర్తనలు పాడతారా అని అడిగితే లోపలికి వెళ్ళి అట్టలు ఊడిపోయిన పుస్తకం తెచ్చి, అక్కడికక్కడే మూడు పాడారు.

శ్రీవైష్ణవుల ఇంటి మామ్మగారు తిరుప్పావై పాశురాలు పాడతానన్నారు. నెయ్యి కారే చక్కెర పొంగలి కూడా ఆవిడదే.

కొంచెం డౌట్ | డిసెంబరు 13, రాత్రి 9:12

తెలుగు సాయంత్రం అని తమిళ పాశురాలేమిటండీ? నియమం మీరే పెట్టారు, మీరే తప్పుతున్నారు.

పాత పంతులు | డిసెంబరు 14, ఉదయం 5:45

డౌటు బాబూ, ఉదయాన్నే నీకు జవాబు చెప్పే భాగ్యం కలిగింది.

ఆండాళ్ పాడిన ముప్ఫై పాశురాలు తమిళమే. కానీ కొన్ని వందల ఏళ్ళుగా మన గుళ్ళల్లో ఆ నెలంతా అవే. తిరుమలలో ధనుర్మాసంలో సుప్రభాతం ఆపి తిరుప్పావై చదువుతారు. ఇరవై ఏడో పాశురంలో మోచేతి దాకా నెయ్యి కారేలా పాలన్నం తిందాం, అందరం కూడి ఉందాం అంటుంది ఆ అమ్మాయి. మామ్మగారి పొంగలి అక్కడి నుంచే వచ్చింది. గుంటూరు జిల్లా మామ్మలు అర్థం తెలుగులో చెప్పుకుంటూ పాశురం తమిళంలో పాడతారు. అది మన సొత్తు కాదని ఎవరితో అనగలవు?

లెక్క సరిచేసే పని అవతలివాళ్ళు ఎప్పుడో చేశారు. పుష్య బహుళ పంచమి నాడు, సాధారణంగా జనవరిలోనే, తిరువైయారులో కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి ఆరాధన. వందలమంది గాయకులు నేల మీద ఎదురెదురుగా కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగం, ఆ ఐదు పంచరత్నాలూ కలిసి పాడతారు. నాట రాగ కృతి సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగు. పాడేవాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడరు. ఆ సమాధి మీద గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ గారు. ఆడవాళ్ళని అక్కడ పాడనివ్వని రోజుల్లో పట్టుబట్టి పాడించిందీ ఆవిడే. తంజావూరు వాళ్ళు మన మాటల్లో రాముణ్ణి తలచుకుంటుంటే మనం వాళ్ళ మాటల్లో కృష్ణుణ్ణి నిద్రలేపుతున్నాం. ఇందులో నియమభంగం నాకు కనబడలేదు.

కొంచెం డౌట్ | డిసెంబరు 14, ఉదయం 8:00

మాస్టారూ, ఒప్పుకున్నా. పొంగలి కోసమైనా ఒప్పుకోవాలి.

పోర్ట్ లూయీ నుంచి | డిసెంబరు 14, ఉదయం 11:25

మధ్యలో దూరుతున్నాను. ఉద్యోగం మీద మారిషస్‌లో ఉంటున్నాను. ఇక్కడి తెలుగువాళ్ళ ముత్తాతలు పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి ఓడలెక్కి వచ్చినవాళ్ళు. ఇప్పుడు ఇళ్ళల్లో క్రియోల్ మాట్లాడతారు, ఫ్రెంచి మాట్లాడతారు. తెలుగు చాలామందికి బడిలో నేర్చుకున్న భాషే. ఉగాది మాత్రం దేశం మొత్తానికి సెలవు.

వీళ్ళు ఇంట్లో రామభజనం చేస్తారు. మధ్యలో పెద్ద దీపం పెట్టి, చుట్టూ తిరుగుతూ, తాళాలతో, చిందేస్తూ పాడతారు. మొదటిసారి పిలిచినప్పుడు మర్యాదకి వెళ్ళాను. నాకు రాని తెలుగు పాటలు, మా తాతల కాలం నాటివి, తెలుగులో సంభాషణ సాగించలేని కుర్రాళ్ళు తడబడకుండా పాడుతుంటే నోరు తెరుచుకుని చూశాను. పాట అయ్యాక పక్కవాణ్ణి ఫలానా చరణానికి అర్థం ఏమిటని అడిగితే, మా తాత పాడేవాడు, బాగుంటుంది అన్నాడు. పిల్లలకి చదవడం రాదని తెనాలి వాకిలి గారు బెంగపడుతున్నారు కాబట్టి చెబుతున్నాను. ముందు చేత్తో తాళం వేయనివ్వండి.

ఫ్రిస్కో చలి | డిసెంబరు 14, రాత్రి 10:50

టెక్సాస్ నుంచి. మేము సంక్రాంతికి స్కూల్ హాలు అద్దెకి తీసుకుంటాం, గొబ్బెమ్మలు పూలకుండీ మట్టితో చేస్తాం, రేగుపళ్ళు దొరకవు కాబట్టి భోగిపళ్ళకి క్రాన్‌బెర్రీలు, చిల్లర, బంతిపూల రేకులు. నవ్వకండి, పిల్లలకి దిష్టి పోతుంది, అది చాలు.

పాటలు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో రాసి స్క్రీన్ మీద వేస్తాం. ఒక్కటే మార్గం. తెలుగు లిపి పెడితే సగం మంది నోరు మూసుకుంటారు.

పాత పంతులు | డిసెంబరు 15, ఉదయం 5:50

ఫ్రిస్కో తల్లీ, నేను ఒప్పుకోను. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 'ళ'కీ 'ల'కీ తేడా పోయింది, 'ణ' పోయింది, 'ఠ' ఎప్పుడో పోయింది. పిల్ల "గొబ్బిల్లో" అని పాడుతుంది. అంతకంటే అసలు ఏదీ స్క్రీన్ మీద వేయకపోవడం మేలు. గునుగు పువ్వు అమ్మాయి చెప్పినట్టు ముందు ఒకరు పాడి వెనక అందరూ అందుకునే పద్ధతిలో కాగితమే అక్కర్లేదు.

ఫ్రిస్కో చలి | డిసెంబరు 15, ఉదయం 7:15

మాస్టారూ, "గొబ్బిల్లో" అని పాడే పిల్ల కావాలా, అసలు రాని పిల్ల కావాలా? మాకు ఏడాదికి రెండు పండగలే దొరుకుతాయి. ళ సంగతి కాలేజీకి వెళ్ళేలోపు చూసుకుంటాం.

గునుగు పువ్వు | డిసెంబరు 15, ఉదయం 7:40

మా ఊళ్ళో పుట్టి పెరిగినోళ్ళు కూడా సగం మంది గొబ్బిల్లో అనే పాడతరు మాస్టారూ 😄

పాత పంతులు | డిసెంబరు 15, ఉదయం 8:30

సరే, నన్ను ఇద్దరూ కలిసి కొట్టారు. పాటల మాట వదిలి ఆటల మాట చెబుతాను. అది మీరెవరూ ఎత్తలేదు.

సినిమా అంత్యాక్షరికి బదులు అవధానం ఆడండి. భయపడకండి, పద్యాలు రానివాళ్ళ అవధానం. అసలు అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు ఒకే మనిషిని తికమక పెడతారు. ఇచ్చిన అక్షరం వాడకుండా పద్యం చెప్పమంటాడొకడు. నాలుగు సంబంధం లేని మాటలిచ్చి పద్యంలో ఇమడ్చమంటాడొకడు. మధ్యలో ఎవరో గంట కొడుతుంటారు, ఎన్నిసార్లు కొట్టారో చివర చెప్పాలి. వీళ్ళందరికంటే అల్లరివాడు అప్రస్తుత ప్రసంగం చేసేవాడు. అవధాని పద్యంలో మునిగి ఉండగా "అయ్యా, మీ ఇంట్లో పప్పులో ఉప్పు ఎవరు వేస్తారు?" అని అడుగుతాడు. దానికీ చమత్కారంగా జవాబు చెప్పి మళ్ళీ ఆపిన చోటే అందుకోవాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానాలు చేస్తుంటే జనం పొలం పనులు ఆపుకుని వచ్చేవాళ్ళట. ఆ ఇద్దరిలో చెళ్ళపిళ్ళ వారు బందరులో తెలుగు పంతులు కూడా. అంచేత నాకు కాస్త పక్షపాతం.

మీ క్లబ్ హౌస్‌కి సరిపోయేలా మారుద్దాం. ఒక పిల్లో పిల్లాడో అవధాని. ఒక నిమిషం సంక్రాంతి గురించి మాట్లాడాలి, కానీ 'ప' అక్షరం రాకూడదు. అంటే పండగ అనకూడదు, పతంగి అనకూడదు, పిండివంట అనకూడదు, పొంగలి అనకూడదు. ఇంకొకరు చెంచాతో గ్లాసు మీద కొడుతుంటారు. ఇంకొకరు "నీ మ్యాథ్స్ మార్కులెన్ని?" అని మధ్యలో అడుగుతారు. జవాబులో కూడా 'ప' రాకూడదు. గడియారం తిరుగుతుంటే ఎంత పెద్ద ఆఫీసరైనా తడబడతాడు.

పెద్దవాళ్ళకి దత్తపది, అంటే ఇచ్చిన మాటలు పద్యంలో ఇమడ్చడం. మీ రెండు బల్లల మీద ఉండే నాలుగు మాటలు నేనే తీసుకున్నాను: కేకు, అరిసె, సకినం, ఖీరు. ఆటవెలదిలో ఇదిగో:

కేకు కోసినారు కిలకిల నవ్వుచు
నరిసెతోడ వచ్చె నత్తగారు
సకిన మొకటి చాలు సరదాగ నమలగ
ఖీరు గిన్నె నెవరు గీకినారు?

యతులు చూసుకోండి. కే–కి, న–న, స–స, ఖీ–గీ. గణాలు లెక్కపెట్టి తప్పు పట్టినవారికి మా ఇంట్లో కాఫీ.

కొంచెం డౌట్ | డిసెంబరు 15, ఉదయం 9:20

లెక్కపెట్టాను మాస్టారూ. కుదిరింది. కాఫీ పోయింది. కానీ ఖీరు గిన్నె ఎవరు గీకారో పద్యం చెప్పలేదు, అది నా అభ్యంతరం.

పేట సన్నాయి | డిసెంబరు 15, ఉదయం 9:45

ఖీరు మా వాళ్ళది కాబట్టి అనుమానం మా మీదికే వస్తుంది. అత్తగారే గీకారని నా వాంగ్మూలం.

కడప కారం | డిసెంబరు 15, ఉదయం 10:30

మాస్టారూ, మీరు పదవిలో ఉండగా మా ఊరికి ట్రాన్స్‌ఫర్ కాకపోవడం మా దురదృష్టం. పొడుపు కథలు కూడా చేర్చండి. మా అవ్వ శనగలు వలుస్తూ ఒక్కోటి విసిరేది, విప్పినవాళ్ళకి పిడికెడు శనగలు. టీములు కట్టొద్దు. టీములు కడితే పోటీ అయిపోయి అమ్మలు మధ్యలో దూరతారు.

కావలిదారు (నిర్వాహకులు) | డిసెంబరు 15, ఉదయం 11:00

చర్చ బాగుంది. మతం మీద రెచ్చగొట్టే రెండు వ్యాఖ్యలు నిన్న రాత్రి తొలగించాం. ఎవరివో చెప్పం. కొనసాగించండి.

కోనసీమ కొబ్బరి | డిసెంబరు 16, సాయంత్రం 6:05

ఆలస్యంగా చూశాను. హరిదాసుని పిలవగలరేమో కనుక్కోండి. హైదరాబాద్‌కి ఈ నెలలో మా వైపు నుంచి వస్తున్నారు. నెత్తిన అక్షయపాత్ర, చేతిలో చిడతలు, కాళ్ళకి గజ్జెలు. ఆ పాత్ర ఇంటికి వెళ్ళేదాకా కింద పెట్టరు, దారిలో ఊరికే కబుర్లాడరు, కీర్తనే. పిల్లలు బియ్యం పోసేటప్పుడు ఆయన వంగి కూర్చోవడం మా చిన్నప్పుడు పెద్ద ఘట్టం. ఇప్పుడు స్కూటర్ మీద స్పీకర్ పెట్టుకుని వస్తున్నవాళ్ళూ ఉన్నారు. గంగిరెద్దుకి క్యూఆర్ కోడ్ కూడా కట్టారు. నవ్వొచ్చినా తప్పనను, మన దగ్గర చిల్లర ఉండటం లేదుగా.

పిలిస్తే మాత్రం ప్రోగ్రాం ఐటెంలాగా ఐదు నిమిషాలు అనకండి. కూర్చోబెట్టి, బియ్యం, బట్టలు, తగిన డబ్బు ఇచ్చి పంపండి. అది వాళ్ళకి ఏడాదిలో ఒక్క నెల సంపాదన.

నేను పండక్కి ఊరెళ్ళిపోతాను. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం ఉంది, పదకొండు ఊళ్ళ శివుళ్ళు ప్రభల (వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన చట్రాల) మీద ఒకచోటికి వస్తారు. కౌశిక కాలువలో నడుంలోతు నీళ్ళల్లోంచి ప్రభని ఎత్తుకు పోతుంటే మా ఊరివాడు ఎవడైనా సరే ఒడ్డున నిలబడలేడు.

తెనాలి వాకిలి | జనవరి 12, ఉదయం 10:20

అయిపోయింది! నిన్న సాయంత్రం నాలుగింటికి మొదలుపెడితే రాత్రి పదిన్నరకి వాచ్‌మన్ వచ్చి లైట్లు ఆర్పాడు.

మైకు పెట్టలేదు. చాపలు వేశాం. మామ్మగారి పాశురాలు, తర్వాత కింద ఇంటి ఆంటీ కీర్తన. ఆంటీ పాడుతుంటే మామ్మగారు తొడ మీద తాళం వేస్తూ "ఇది ఆనందభైరవి కదూ" అన్నారు. ఆంటీ పుస్తకం తిప్పి చూపించారు, అదే. తర్వాత వాళ్ళిద్దరినీ విడదీయలేకపోయాం. గుంటూరు అన్నయ్య భార్య వరినాట్ల పాట అందుకుంది. వాళ్ళ అమ్మ పొలంలో పాడేదట, మాలో ఎవరికీ తెలియదు ఆమె పాడుతుందని. వరంగల్ వాళ్ళు "ఇది మా దగ్గర కూడా ఉంది, మాటలు వేరు" అని రెండోసారి వాళ్ళ మాటలతో పాడారు.

హరిదాసు గారు దొరికారు, కోనసీమ వారికి థాంక్స్.

'ప' లేని సంక్రాంతి పిచ్చ హిట్. మా వారు ఎనిమిది సెకన్లలో "ప్రతి ఏడాదీ" అని ఓడిపోయారు. ఎనిమిదో తరగతి పాప మాత్రం నిమిషం పూర్తి చేసింది, మధ్యలో మార్కులు అడిగితే "మీ కంటే ఎక్కువే అంకుల్" అంది.

ఒకటి కుదరలేదు. సకినాలు ముందురోజు అందరం కలిసి చేద్దామనుకున్నాం, ముగ్గురమే మిగిలాం. నడుములు పోయాయి. వచ్చే ఏడాది రానివాళ్ళకి సకినం లేదు.

డోర్నకల్ బండి | జనవరి 12, ఉదయం 11:05

ఆ ఆనందభైరవి దగ్గర నేను ఉండాల్సింది. ఆంటీ పాడిన కీర్తన ఏదో నంబరు కనుక్కుని చెప్పండి, మా వాళ్ళతో ఈ ఆదివారం పాడిస్తాను.

కొంచెం డౌట్ | జనవరి 12, మధ్యాహ్నం 12:30

బ్యానరు కట్టారా లేదా, అది చెప్పండి.

తెనాలి వాకిలి | జనవరి 12, మధ్యాహ్నం 12:45

కట్టలేదండీ బాబూ. మీరు తిడతారని.

పేట సన్నాయి | జనవరి 12, మధ్యాహ్నం 3:10

తర్వాతిది ఇప్పుడే ఆలోచించుకోండి. ఈసారి ఉగాది మార్చి 19. చంద్రుడు కనబడేదాన్ని బట్టి రంజాన్ పండుగ ఆ వెంటనే ఒకటి రెండు రోజుల్లో. అంటే ఉగాది నాడు మీ గుంటూరు వాళ్ళకి ఉపవాసం ఉంటుంది. పొద్దున్న పచ్చడి పట్టుకుపోయి గుమ్మంలో నిలబడకండి. సాయంత్రం ఇఫ్తార్ వేళకి రండి, ఖర్జూరం తర్వాత పచ్చడి తింటారు.

పాత పంతులు | జనవరి 12, సాయంత్రం 4:00

బాగు బాగు. ఆ సాయంత్రానికి కవి సమ్మేళనం పెట్టండి. ఒక్కొక్కరు నాలుగు పాదాలు, అంతకు మించితే గంట కొట్టేస్తాం. సమస్య, అంటే మీరు పూరించాల్సిన పాదం, నేను ఇస్తాను.

గునుగు పువ్వు | జనవరి 12, సాయంత్రం 4:25

పచ్చడి పొద్దున్నే కలిపి సాయంత్రం దాకా ఉంచితే వేపపువ్వు దిగి నోట పెట్టలేనంత చేదైతది అక్కా. చింతపండు రసం, బెల్లం, మామిడి ముక్కలు కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. పువ్వు విడిగా ఉంచి వడ్డించే ముందు వేయండి.